ఆడవాళ్లను పడవెక్కించిన పండగ

ఈ మధ్య పింఛను పని మీద మా పాత ఆఫీసుకు వెళ్తే, కొత్తగా చేరిన పిల్లలు కొందరు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ తెప్పించారు. "మేడమ్, ఇన్ని ఊళ్లు తిరిగారు కదా, మీకు బాగా గుర్తుండిపోయిన ఊరేది?" అని అడిగారు. నవ్వొచ్చే సంగతేదైనా చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివి నా దగ్గర బోలెడున్నాయి, రెండు మూడు చెప్పి వాళ్లను నవ్వించాను కూడా. ఇంటికొచ్చాక మాత్రం మనసు ఊరుకోలేదు. ఆ పిల్లలకు చెప్పాల్సిన ఊరు వేరే ఉంది. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. ప్రభుత్వం పెట్టిన పథకాలు నిజంగా పనిచేస్తున్నాయా లేదా అని ఊళ్లు తిరిగి చూసి చెప్పే విభాగం మాది. బావులు చూశాం, బళ్లు చూశాం, కోళ్ల షెడ్లు కూడా చూశాం. గృహహింస చట్టం వచ్చిన కొత్తలో, ఆడవాళ్ల మీద హింసను అంతం చేసే పథకమంటూ ఒకటి ఒడిశాలోని మా గంజాం జిల్లాకు వచ్చింది. పథకం మొదలయ్యే ముందు ఒకసారి, ముగిశాక ఇంకోసారి అవే ఊళ్లకు వెళ్లి అవే ప్రశ్నలు అడగాలి. మొదటి జవాబుకూ రెండో జవాబుకూ మధ్య తేడాయే ప్రగతి. బావిలో నీళ్లున్నాయో లేవో తొంగి చూస్తే తెలుస్తుంది. ఒక ఇంట్లో మొగుడు కొట్టడం మానేశాడో లేదో ఎక్కడ నిలబడి తొంగి చూడాలో మాలో ఎవరికీ తెలీదు. తెలిసినట్టే వెళ్లాం.

సముద్రం ఒడ్డు ఊళ్లు నాకు పడ్డాయి. ఆ ఊళ్లలో ఒడియాలో ప్రశ్న అడిగితే మగవాళ్లు జవాబు చెబుతారు. తెలుగులో అడిగితేనే ఆడవాళ్లు నోరు విప్పుతారు. నేను బరంపురం తెలుగుదాన్ని, ఇల్లు అక్కడే అంకులి పేటలో. అందుకని ఆఫీసులో ఎవరికి సముద్రపు గాలి పడకపోయినా నన్నే పంపేవారు. నాతో మా సారు వచ్చేవారు. ఆయనది కటకం వైపు. తెలుగు ముక్క రాదు. లెక్కల మనిషి, పాను లేకపోతే మాట పెగలదు. అంకెలు తప్పుగా వేస్తే మండిపడేవారు గానీ, మనుషుల మీద ఒక్కసారీ గొంతు పెంచి ఎరగరు.

జిల్లా కేంద్రం ఛత్రపురం దాటి చమఖండి వైపు పోతే, సరుగుడు తోటల వెనకాల చిన్న పల్లె ఒకటుంది. పేరు చెప్పను. తాతల నాడు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి అక్కడ నిలిచిపోయిన తెలుగువాళ్లు, చేపల వేటే బతుకు. మేం మొదటిసారి వెళ్లిన పొద్దున పడవలన్నీ వేటకు వెళ్లిపోయాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్క పడవ చుట్టూ మగవాళ్లు ఇసకలో కూలబడి బీడీలు కాలుస్తున్నారు. పడవలో మధ్యబల్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ముప్ఫై లోపు వయసు. పై పెదవి చిట్లి వాచి ఉంది. పక్కన ఒక ముసలావిడ గిన్నెలో గంజి పట్టుకుని, పడవకు ఒళ్లు తగలకుండా చేయి చాచి అందిస్తోంది.

"ఏమైందమ్మా?" అని ముసలావిడను అడిగాను.

"ఏటవుతాది! నా కొడుకు సెయ్యి సేసుకున్నాడు. అందికే పడవెక్కి కూకుంది నా కోడలు."

"పడవెక్కితే ఏమవుతుంది?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏ ఊరమ్మా నీది? ఆడది ముట్టుకుంటే పడవ మైల కాదేటి? మైల పడవని గంగమ్మతల్లి నీల్లల్లోకి రానిత్తాదేటి? నానే ఎక్కమన్నాను. నా ఈడులో నానూ ఒక పాలి ఎక్కినాను. మా ఇంటాయన సచ్చీదాకా మల్లీ సెయ్యెత్తనేదు."

అక్కడే నిలబడి మొత్తం చూశాను. పడవ ఒక్కడిది కాదు, నలుగురైదుగురు వాటాదారులది. ఆమె దిగనంతవరకూ వాళ్లెవరికీ వేట లేదు. తెల్లవారినప్పటి నుంచీ పక్క పడవలు నిండుగా తిరిగొస్తుంటే చూస్తూ కూర్చున్నారు పాపం. చివరికి చుక్కాని పట్టే పెద్దాయన లేచి ఆ మొగుడి భుజం పట్టుకుని కుదిపాడు.

"నీ సేతి దురద మా కూడు తీసేత్తందిరా. ఒట్టేత్తావా, మా పడవ దిగిపోతావా?"

మొగుడు తల దించుకుని వచ్చి, పడవ ముక్కు మీద చేయి వేసి గంగమ్మ పేరు చెప్పి ఒట్టేశాడు. ఆమె అతని వైపు చూడనే లేదు. మిగిలినవాళ్ల వైపు తిరిగి, "ఆడి ఒట్టు నాకొద్దు. మీరు పూచీయా?" అంది. ఒక్కొక్కడూ పూచీ అన్నాడు. అప్పుడు దిగింది. ఆ తర్వాత పసుపు నీళ్లతో పడవ కడిగారు, కొబ్బరికాయ కొట్టారు, మొగుడి ఖర్చుతో కోడిని కోశారు. సాయంత్రానికి ఊరు ఊరంతా ఏదో వేడుక జరిగినట్టు ఉంది.

పోలీసులు లేరు, ఉపన్యాసం లేదు. ఒక ఆడమనిషి పడవలో కూర్చుంది, అంతే. నా సర్వీసు మొత్తంలో ఒక దెబ్బకు అంత త్వరగా న్యాయం దొరకడం నేను చూడలేదు.

దాని వెనకాలే మా ప్రశ్న వచ్చింది. ఆచారం పేరుతో ఆడవాళ్లను రానివ్వని చోటు ఈ ఊళ్లో ఉందా అని మా పత్రంలో ఒకటుంది. ఉంది, పడవ. ఆ ఊరికి అక్కడ సున్నా పడింది. అబద్ధం కాదు కదా! సారుకు పొద్దున చూసిందంతా ఒడియాలో విడమరిచి చెప్పాను. ఆయన పాను నమలడం ఆపి విన్నారు. "చాలా బాగుంది. కానీ దీన్ని ఏ గడిలో వెయ్యను?" అన్నారు. వెతికాం. దానికి గడి లేదు.

పథకం నడిపించే పని రంభ ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయికి అప్పజెప్పారు. చిలక సరస్సు ఒడ్డున చిన్న వ్యాపారం చేసుకునే తెలుగువాళ్ల పిల్ల, అప్పుడే చదువు ముగించింది. స్కూటీ మీద ఎండలో, వానలో ఆ ఊళ్లన్నీ తిరిగేది. ఎవరి ఇంట్లో ఏం కూర వండారో కూడా ఆ పిల్లకు తెలుసు. అంత మనసు పెట్టి పనిచేసినవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"దీదీ, ఆ ఊళ్లో ఆడోల్లని పడవెక్కించేత్తన్నాం! ఆ సున్నా చెరిపేత్తన్నాం!"

నేను కాఫీ ఇచ్చి, ఆ పొద్దున చూసింది చెప్పాను. ఆ ఆచారం వాళ్లకు ఎందుకు పనికొస్తోందో చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా వింది. విని, నెమ్మదిగా అడిగింది.

"అంటే, ఆడది మైల అనిపించుకుంటేనే దానికి రక్షణా దీదీ? కుక్క ఎక్కినా ఏటీ అనరు ఆ పడవని. ఆడది ఎక్కితే కడుగుతారు. ఆ కడిగిన నీల్లతోటి వచ్చిన న్యాయం ఎన్నాల్లుంటాది? ఇప్పుడు చట్టముంది. ఫోన్ నంబరుంది. ఛత్రపురంలో దీనికోసమే ఒక ఆఫీసరుంది. ఇంకా ఆ పసుపు నీల్లు ఎందుకు?"

ఆ పిల్ల అన్నదాంట్లో తప్పు ఎక్కడుందో నాకప్పుడు దొరకలేదు. ఇప్పుడూ దొరకలేదు. మీలో ఎవరికైనా దొరికితే చెప్పండి.

ఏడాది తిరక్కుండానే ఆ పండగ జరిగింది. భువనేశ్వరం నుంచి పెద్దాఫీసరమ్మ వచ్చింది. టెంట్లు వేశారు, బ్యాండు పెట్టారు, పడవలకు బంతిపూల దండలు కట్టారు. మగవాళ్లను ఒప్పించడానికి ఆ రంభ పిల్ల ఎన్ని నెలలు తిరిగిందో! పెద్దాఫీసరమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని ముందు తానెక్కింది. తర్వాత ఊళ్లో ఆడవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ, సిగ్గుపడుతూ, కేకలేస్తూ ఎక్కారు. చిట్లిన పెదవితో నేను చూసిన ఆమె కూడా ఎక్కింది. పుట్టిన దగ్గర్నుంచి సముద్రం పక్కనే ఉండి, సముద్రం మీదికి ఎన్నడూ వెళ్లని మనిషి. అలలు విరిగే చోటు దాటించి, ఒక చుట్టు తిప్పి తీసుకొచ్చారు. దిగుతూనే నా చేయి పట్టుకుంది.

"అమ్మా, నీల్లల్లోంచి సూత్తే మా ఊరు ఇంతే ఉంది!" అని అరచెయ్యి చూపించి, నవ్వు ఆపుకోలేకపోయింది.

నాకు కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్ల తర్వాత తెలివి తెచ్చుకుని, అప్పుడే నాకు అనుమానమొచ్చిందని రాస్తే అది దొంగమాట అవుతుంది. ఆ రోజు సంతోషం నిజమైన సంతోషం. ముసలావిడ మాత్రం పడవెక్కలేదు. దూరంగా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. మీరూ ఎక్కండమ్మా అంటే, "నాకెందుకు బాబూ, నాను ఎప్పుడో ఎక్కేసినాను" అంది. ముసలితనపు మొండితనమని నవ్వుకున్నాం.

పథకం గడువు ముగిసి రెండో విడతకు వెళ్లాం. ఈసారి రంభ పిల్ల కూడా మాతో వచ్చింది. ఆమెకు ఆ ఊరంటే గర్వం. దారి పొడుగునా సారుకు ఒడియాలో చెబుతూనే ఉంది, ఏ ఇంట్లో ఎవరు చదువుకుంటున్నారో, ఎవరు సంఘంలో చేరారో. పొద్దున్నే ఒడ్డుకు చేరేసరికి పడవలు దించుతున్నారు. ఒక పడవలో ఆమె కూర్చుని ఉంది. చెంప ఒక పక్కంతా కమిలిపోయి ఉంది. జుట్టు ముడి వేసుకునే తీరిక కూడా దొరకనట్టుంది.

వాటాదారులు వలలు మోసుకొచ్చి ఆగిపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చుక్కాని పెద్దాయన ఇబ్బందిగా, "దిగమ్మా, పొద్దెక్కిపోతంది" అన్నాడు.

"పూచీ పడండి, దిగుతాను."

ఆయన నోరు తెరిచేలోపు మొగుడు నవ్వాడు. "కూకోనీండి. ఆఫీసరమ్మే కూకుంది, ఊళ్లో ఆడోల్లందరూ కూకున్నారు. పడవకేటైనా అయినాదేటి? గంగమ్మకి కోపమొచ్చిందేటి? ఆ నాటి నుంచీ సేపలు మరీ ఎక్కువే పడతన్నాయి." వంగి, పడవ అంచుకు భుజం ఆనించాడు. "తొయ్యండి."

ఇంకెవరైనా వద్దంటారేమోనని చూశాను. చుక్కాని పెద్దాయన ఆమె మొహంలోకి చూడకుండా రెండో పక్క భుజం పెట్టాడు. ఆయన్ని ఏమనను? తన కూడు ఆగడం లేదు, ఇక పక్కింటి గొడవ ఆయనకెందుకు? ఆమెను అలాగే కూర్చోబెట్టి పడవను నీళ్లలోకి తోసేశారు. ఆమె రెండు చేతులతో బల్ల పట్టుకుని, ఏం జరుగుతోందో అర్థం కానట్టు మా వైపు చూసింది. నేను మోకాళ్ల లోతు నీళ్లలోకి పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తానో నాకే తెలీదు. రంభ పిల్ల చట్టం పేరు, సెక్షన్లు చెబుతూ తెలుగులోనూ ఒడియాలోనూ అరుస్తూ ఉంది. మోటారు చప్పుడులో ఎవరికీ వినబడలేదు. అలలు దాటుతూంటే పడవ పైకి లేచి పడింది. తర్వాత చిన్నదైపోయింది.

ఆ పిల్ల నంబరు నొక్కింది. అవతల ఫోనెత్తినావిడ మర్యాదగానే మాట్లాడింది. ఆఫీసరు మీటింగులో ఉన్నారనీ, బాధితురాలిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వస్తే ఫిర్యాదు తీసుకుంటామనీ చెప్పింది. బాధితురాలు సముద్రంలో ఉంది. ఆ పిల్ల ఫోను పెట్టేసింది.

ఎండెక్కాక పడవ తిరిగొచ్చింది. ఆమె తలనుంచి కాళ్ల దాకా తడిసి ముద్దయింది. వాంతులు చేసుకుని నీరసంగా ఉంది. ఎవరూ చేయి అందించకుండానే దిగింది. మొగుడు చేపల గంప ఆమె ముందు పెట్టి, "ఏలంపాటకి ఆలిసమైపోతంది, ఎత్తు" అన్నాడు. కొట్టిన కోపం లేదు, గెలిచిన పొగరు లేదు, రోజూ అనే మాటే అన్నట్టు అన్నాడు. దానికే నాకు ఒళ్లు మండింది.

ఆమె గంప ఎత్తబోతుంటే వెళ్లి ఆపాను. "పద, జీపులో ఛత్రపురం తీసుకెళ్తాను. కాగితం రాసిద్దాం. నేనుంటాను నీ పక్కన."

"రాసిత్తే?"

"కేసు పెడతారు. అతన్ని పిలిపించి..."

"కేసెడితే ఆడు టేసన్ల సుట్టూ తిరుగుతాడు. పడవలో ఆడి వాటా పోతాది. నా పిల్లలేటి తింటారు?" ఆమె గొంతులో కోపం లేదు. చిన్నపిల్లకు చెబుతున్నట్టు చెప్పింది. "ఆడు జైలుకెల్లక్కర్నేదమ్మా నాకు. కొట్టకుండా ఉంటే సాలు. అది ఆ పడవోల్లు సూసుకునీవోరు. ఇప్పుడు ఆల్లకి నాతో పనేటి?"

తర్వాత నా చేయి పట్టుకుని, ఆశగా అడిగింది. "అమ్మా, ఆ ఆపీసరమ్మని మల్లీ ఒక పాలి రమ్మని సెప్పవా? ఆడది ముట్టుకుంటే పడవ మైలేనని ఆవిడ నోటితో సెప్పమను. ఆవిడ మాటైతే ఇంటారు. మాది ఇనరు."

నా వెనకాల రంభ పిల్ల ఇసకలో కూలబడి ఏడుస్తోంది. సారు, "ఏమంటోంది? ఏమంటోంది?" అని అడిగారు. అనువదించి చెప్పాను. విన్నాక ఆయన పాను ఉమ్మేశారు.

ఆ మధ్యాహ్నమే మిగిలిన పని పూర్తి చేశాం. ఉద్యోగం కదా! ఆడవాళ్లను రానివ్వని చోటు ఉందా? లేదు. చట్టం గురించి తెలుసా? అందరికీ తెలుసు. నమోదైన ఫిర్యాదులు? లేవు. జిల్లాలో మంచి ప్రగతి సాధించిన ఊళ్లలో అదొకటిగా తేలింది.

మా సారు గురించి ఒక మాట చెప్పాలి. అంకెల మనిషి అని అందరూ వెక్కిరించే ఆ మనిషి, ఆ ఊరి గురించి గడులు లేని పేజీ ఒకటి తన చేత్తో రాసి నివేదికలో పెట్టారు. భువనేశ్వరంలో మీటింగు. నేను వెనక కుర్చీలో ఉన్నాను. పెద్దలు ఆ పేజీ చదివారు. వాళ్లేం చెడ్డవాళ్లు కారు. ఒకావిడ కళ్లజోడు తీసి, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. "బాధగా ఉంది. కానీ మీ సిఫారసు ఏమిటి? ఆడవాళ్లకు మైల మళ్లీ అంటగట్టమని ప్రభుత్వానికి రాయమంటారా?" సారు లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నారు. సిఫారసు లేని పేజీ నివేదికలో ఉండకూడదని తేల్చి, మర్యాదగానే తీసేశారు. తిరుగు రైల్లో బరంపురం వచ్చేదాకా ఆయన నాతో ఒక్కటే మాటన్నారు: "వాళ్లు తప్పని నేను అనలేకపోయాను."

రంభ పిల్ల ఆ పని వదిలేసింది. బడిలో పాఠాలు చెబుతోందని తర్వాత విన్నాను. ఆ పథకం మిగిల్చిన నష్టాల్లో అదొకటి. అంత పనిమంతురాలు మళ్లీ దొరకలేదు. ఆ ఆచారం తిరిగి రాలేదు. నమ్మకం ఒకసారి పోయాక, కావాలి కదా అని ఎవరు మాత్రం మళ్లీ నమ్ముతారు? దాని స్థానంలో మేమిచ్చిన ఫోన్ నంబరు గోడ మీద రంగు వెలిసేదాకా ఉంది. ఆడవాళ్లు మాత్రం పడవెక్కుతున్నారా అంటే, అదీ లేదు. పండగ రోజు తప్ప వాళ్లను ఎవరు ఎక్కించుకుంటారు?

రిటైరయ్యాక ఒకసారి ఒంటరిగా ఆ ఊరు వెళ్లాను. ఆమెకు చెప్పాల్సింది ఉందనిపించేది. సారు రాసిన పేజీ గురించి, మేం ఊరుకోలేదని, నీ మాట భువనేశ్వరం దాకా వెళ్లిందని. చెబితే ఆమెకు కాస్త ఊరటగా ఉంటుందని పైకి అనుకున్నాను. ఊరట నాకే కావాలి.

చేపలు ఎండబెట్టే చోట, తాటాకు పందిరి కింద కనిపించింది. ముసలావిడ పోయిందని దారిలోనే చెప్పారు. ఆమెకు జుట్టు నెరిసిపోయింది. నన్ను గుర్తుపట్టి నవ్వి, గోనె పరిచి కూర్చోమంది. తను ఎండు చేపలు తిరగేస్తూనే ఉంది. పక్కన కూర్చుని, ఇన్నేళ్లు లోపల తిప్పుకున్న మాటలన్నీ చెప్పేశాను. ఆఫీసరమ్మను ఎందుకు రప్పించలేకపోయామో చెప్పాను. అప్పుడు మాకు ఇంకో దారి తోచలేదని చెప్పాను. ఆమె ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. సముద్రం వైపు చూస్తూ చేపలు తిప్పుతూ ఉంది. కోపం పోలేదు, పోవాల్సిన పనీ లేదు అనుకుని ఆగిపోయాను.

కాసేపటికి ఆమె ఏదో తీసుకోబోయి ఇటు తిరిగి, నా కళ్లలో నీళ్లు చూసి గాభరా పడింది.

"ఏటమ్మా? ఏటైనా అన్నావేటి? ఆ పక్క సెవి ఇనబడదమ్మా నాకు. ఆడు కొట్టిన కాడినుంచీ అంతే. ఇటొచ్చి సెప్పు."

నేను లేచి అటు వైపు వెళ్లి కూర్చున్నాను. మంచి చేపలుంటే కొనుక్కుపోదామని వచ్చానని చెప్పాను. ఆమె నవ్వి, నాకోసం పెద్దవి ఏరడం మొదలుపెట్టింది.